వాస్తువిద్యలో కొలత్రాడు
(రామరాజు స్మారకోపన్యాసము)



ఈ సభ యెవరి స్మృత్యర్థము జరుగుచున్నదో ఆ మహనీయుని పేరు మనలో పెక్కుమందికి పరిచితము కాదు; కాకపోవుట ఆయన కొరత కాదు, మన కొరత. తంజావూరున జన్మించి, విజయనగర రాజబంధువుల సంతతివారమని చెప్పుకొనుట తప్ప వేరొక ఆస్తి లేని కుటుంబమున పెరిగి, మద్రాసున కుంపిణీవారి కొలువున జేరి, తుదకు బెంగుళూరున న్యాయాధిపతిపదవి నలంకరించిన రామరాజుగారు, కచేరిపని ముగిసిన వేళలలో తాళపత్రములు సంపాదించి, వానిని శోధించి, మన దేవాలయ నిర్మాణపద్ధతిని ఇంగ్లీషుభాషలో వివరించిరి. 1834లో లండనునందు రాయల్ ఏషియాటిక్ సొసైటీవారు ఆ వ్యాసమును 48 చిత్రపటములతో ప్రచురించిరి. దాని ముఖపత్రమున రచయిత పేరు రామ్ రాజ్ అని యున్నది. గ్రంథము వెలువడునాటికి గ్రంథకర్త జీవించి లేరు. మానసారాది వాస్తుగ్రంథములను ఆధునికలోకమునకు తొలుత పరిచయము చేసిన ఆ కృషికి ఇంతటి చిన్న సభలో నమస్కరించుట చాలునా యని నాకు సంకోచముగానే యున్నది. అయినను ఉపక్రమించెదను.

1

రామరాజుగారికి ఎదురైన మొదటి చిక్కును చెప్పినచో నా వాదమంతయు దాదాపు చెప్పినట్లే. ఆయన శిల్పగ్రంథములను సంస్కృతపండితుల ముందు పెట్టగా వారు సంధులు విడదీసిరి, సమాసములకు విగ్రహవాక్యములు చెప్పిరి; కాని అధిష్ఠానమున ఏ భాగమెచ్చట కూర్చుండునో, దాని యెత్తు ఎన్ని పాళ్లో అడిగినంతనే వారి పాండిత్యము ఆగిపోయెను. ఆ గ్రంథములనే శిల్పుల యొద్దకు గొనిపోగా వారు రాతిమీద గీత గీసి చూపగలిగిరి; శ్లోకమును మాత్రము, తరతరములుగా నోట నలిగి అర్థము చెడిన రూపమున, అప్పగించిరి. తంజావూరు సీమలోని యొక శిల్పిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని, గ్రంథమును చేతితోను చేతిని గ్రంథముతోను సరిచూచుకొన్న తరువాతనే రామరాజుగారికి దారి దొరకినది.

శాస్త్రమునకును చేతికిని నడుమ ఆ యిద్దరినీ కలిపినది ఏది? కొలత. పండితుడు చదువగలిగినదియు, శిల్పి చూపగలిగినదియు, తాము వేర్వేరు చోటుల నుండి మొదలుపెట్టినను, ఒకే సంఖ్య దగ్గర కలిసికొనినవి. నేను నేడు మనవి చేయదలచినదియు ఇదియే. వాస్తువిద్యకు ప్రాణము మానము. దిక్కులు, దేవతలు, ఫలములు, దోషములు దాని చుట్టును చేరిన పరివారము. ప్రాణమును మరచి పరివారమును కొలుచుచున్నందుననే నేడు మనకు వాస్తువనిన భయము కలుగుచున్నది.

2

ఈ మానదృష్టి ఎంత ప్రాచీనమో తెలిసికొనుటకు యజ్ఞశాల యొద్దకు పోవలెను. ఋగ్వేదమున వాస్తోష్పతి స్తుతి కలదు, అథర్వవేదమున శాలాసూక్తములు కలవు. అవి ప్రార్థనలే గాని నిర్మాణవిధులు కావు. నిర్మాణమని చెప్పదగినది మనకు మొదట కనబడునది శుల్బసూత్రములలో. ఆపస్తంబుని గృహ్యకర్మలను నేటికిని పాటించు తెలుగు కుటుంబములు వేలకొలది యున్నవి. ఆ యాపస్తంబుని పేరనే త్రాడుతో వేదికలను కొలుచు సూత్రగ్రంథ మొకటి కలదని యెరిగినవారు ఆ కుటుంబములలోనే బహుకొద్దిమంది.

శ్యేనచితి యను గరుడాకారపు అగ్నివేదికను అయిదు వరుసలుగా, వరుసకు 200 ఇటుకల చొప్పున, మొత్తము 1000 ఇటుకలతో పేర్చవలెను. దాని వైశాల్యము ఏడున్నర చదరపు పురుషప్రమాణములు. పురుషప్రమాణమనగా చేతులెత్తి నిలిచిన యజమానుని యెత్తు, 120 అంగుళములు. యజమానుని కొలిచి వెదురుకర్రకు రంధ్రములు చేసి, ఆ కర్రతో నేలను కొలిచెడివారు. కాబట్టి పొడగరి చేయు యాగమునకు వేదిక పెద్దది, పొట్టివానికి చిన్నది. రూపము మాత్రము ఇద్దరికిని ఒక్కటే. మరల చయనము, అనగా వేదికను పేర్చుట, చేయువాడు వైశాల్యమును ఒక చదరపు పురుషము పెంచవలెను గాని, రెక్కకును తోకకును గల నిష్పత్తి మారరాదు. ఈ నియమము పాటింపవలసి వచ్చినందుననే చతురస్రమును రెట్టింపు చేయుట, దీర్ఘచతురస్రమును చతురస్రముగా మార్చుట మొదలగు రేఖాగణితమంతయు పుట్టినది. చతురస్రకర్ణమునకు బౌధాయనాదులు చెప్పిన విలువ, భిన్నరూపమున 577ను 408చే భాగించినంత. అది అసలు విలువను దశాంశమునకు పిమ్మట అయిదవ స్థానము వరకు తప్పకుండ అనుసరించును. త్రాడు, మేకులు, వెదురుకర్ర తప్ప వేరు పరికరము లేనివారు సాధించిన సూక్ష్మత యిది.

తరువాతి వాస్తుగ్రంథములు ఈ దేహమానమును విడువలేదు. ఎనిమిది యవగింజల వెడల్పు ఒక అంగుళము, 12 అంగుళములు జాన, 24 అంగుళములు మూర, నాలుగు మూరలు దండము. మూరలోనే భేదములు గలవు. 24 అంగుళములది కిష్కువు, 25 అయిన ప్రాజాపత్యము, 26 అయిన ధనుర్ముష్టి, 27 అయిన ధనుర్గ్రహము. మంచమునకు, వాహనమునకు మొదటిది, విమానమునకు రెండవది, ఇంటికి మూడవది, గ్రామమునకు నాల్గవది. వస్తువు పెద్దదైనకొలది కొలతకర్రయే కొంచెము పొడవగుచున్నది. ఇవిగాక యజమానుని కుడిచేతి నడిమివ్రేలి నడిమికణుపును ప్రమాణముగా గొను మాత్రాంగుళము వేరు. విగ్రహముయొక్క యెత్తునే భాగించి పుట్టించు దేహాంగుళము వేరు. నవతాళవిగ్రహము 108 అంగుళము లనునప్పుడు ఆ యంగుళము ఆ విగ్రహమునదే. అరచేతిలో నిలుచు మూర్తికిని గోపురమంత మూర్తికిని అదే 108.

3

ఇక నేల విషయము. ఈ భాగమును త్వరగా ముగించెదను. ఇందలి సంగతులు చాలవరకు మీ యెరుకలోనివే.

ఆశ్వలాయన గృహ్యసూత్రమున మోకాలిలోతు గోయి త్రవ్వి, ఆ మన్నుతోనే మరల పూడ్చి చూడుమని యున్నది. మన్ను మిగిలిన నేల ఉత్తమము, సరిపోయిన మధ్యమము, తక్కువైన విడువదగినది. గట్టిగా ఒదిగియున్న నేలను త్రవ్వినచో మన్ను పొంగుననియు, గుల్లనేల మన్ను పూడ్చునప్పుడు అణగిపోవుననియు పునాదులు త్రవ్వించిన మేస్త్రీ యెవడైనను చెప్పగలడు. వరాహమిహిరుడు గోతిలో నీరు నింపి నూరడుగులు నడచి వచ్చి చూడుమనెను. ఇవి బలాబలపరీక్షలు. కాని అదే గ్రంథములలో ఏ రంగు మన్ను, ఏ రుచి మన్ను ఏ వర్ణమువానికి తగునో, ఏ వర్ణమువాని యిల్లు ఎంత పరిమాణమున నుండవలెనో చెప్పిన భాగములును గలవు. వానిని దాచిపెట్టి శాస్త్రమును పొగడుట నిజాయితీ కాదు. ఆ కాలపు సంఘమర్యాదను ఇటుకలతో సమానముగా మోయవలసిన అగత్యమును మనకు లేదు.

దిక్సాధనమునకు 12 అంగుళముల శంకువును చదునైన నేలపై నాటి, దాని చుట్టును వృత్తము గీయుదురు. ఉదయమున నీడకొన వృత్తమును లోనికి దాటిన చోటను, సాయంకాలమున వెలికి దాటిన చోటను గుర్తించి, ఆ రెండు బిందువులను కలిపిన తూర్పుపడమరలు తేలును; ఆ బిందువులే కేంద్రములుగా రెండు వృత్తఖండములు గీయగా నేర్పడు చేపయాకారముచే ఉత్తరదక్షిణములు తేలును. ఉదయసాయంకాలముల నడుమ సూర్యుడే కొంచెము జరుగును గనుక, అపచ్ఛాయ యను సవరణను గూడ గ్రంథములు చెప్పినవి. నేడు శంకుస్థాపనమున శంకువును నాటుచునే యున్నాము; దాని నీడను చూచువాడు మాత్రము లేడు. జేబులోని దిక్సూచి చూపు అయస్కాంతపు ఉత్తరముతో పని జరిపి, తరువాత డిగ్రీల దోషములకై శాంతులు చేయుచున్నాము!

దిక్కు తేలిన పిమ్మట పదవిన్యాసము. మయమతమను వాస్తుగ్రంథము ఒక్క గడి మొదలు 1024 గడుల వరకు 32 విధములైన మండలములను చెప్పినది. వ్యవహారమున నిలిచినవి ముఖ్యముగా రెండు: 64 గడులది, 81 గడులది. చుట్టును 32 మంది, లోపల 13 మంది, వెరసి 45 మంది దేవతలు; నడుమ బ్రహ్మస్థానము, 81 గడుల మండలమున 9 గడులు, 64 గడులదానిలో 4. దీనిని పటము వేసి పూజించువారు పూజింతురుగాక. కట్టువాని కిది గళ్లకాగితము. గోడ యెక్కడ లేచునో, స్తంభమెక్కడ నిలుచునో, ఏ గీతల కూడలులను మర్మములని తప్పించవలెనో, పనిలోని పదిమందియు ఒకే భాషలో మాట్లాడుకొనుటకు వీలైనది దీనివలననే.

4

ఇచ్చట కొంత నిలువవలెను. నా వాదమునకు మూలమైన లెక్క ఇచ్చటనున్నది. ఆయము పేరు వినని తెలుగింటివా రుండరు. పొడవును వెడల్పుచే గుణించి, వచ్చిన క్షేత్రఫలమును 9చే గుణించి, 8చే భాగింపగా మిగిలిన శేషమే ఆయము. ఒకటి ధ్వజము, రెండు ధూమము, మూడు సింహము, నాలుగు శ్వానము, అయిదు వృషభము, ఆరు ఖరము, ఏడు గజము. శేషము లేనిచో కాకము. బేసివన్నియు శుభములు, సరివన్నియు అశుభములు. మయమతమానసారములలోను, కేరళస్థపతులలోను గుణకములు వేరు. కేరళమున చుట్టుకొలతను 3చే గుణించి 8చే భాగింతురు. శేషమును చూచి నిర్ణయించుట అంతటను ఒక్కటే.

సభలో గణితోపాధ్యాయు లుందురు; వారు ఈపాటికే నవ్వుకొనుచుందురు. 8చే భాగించు లెక్కలో 9చే గుణించినను గుణింపకున్నను శేషము మారదు గదా! కావున మన ఆయము క్షేత్రఫలమును 8చే భాగించిన శేషమే. అది బేసి కావలెనన్న పొడవు వెడల్పులు రెండును బేసి కావలెను. అంతకుమించి దానిలో రహస్యము లేదు.

ఒక యిల్లు తీసికొందము. పొడవు 14 మూరలు, వెడల్పు 10. క్షేత్రఫలము 140, శేషము 4, శ్వానాయము, కూడదు. ప్రతి కొలతకును ఒక్కొక్క మూర చేర్చుడు: 15, 11, క్షేత్రఫలము 165, శేషము 5, వృషభాయము, శుభము. ఇంటివాడు కోరినదానికి భంగము లేదు, స్థలమునకు పెద్ద నష్టము లేదు. భయపడవలసిన యెడ శాస్త్రము మనకు చూపినది ఒక్క మూర సవరణ. పొడవు వెడల్పులు రెండును ఏ మేరలో నున్నను ఒక్క మూర ఇటో అటో జరిపిన శుభాయము రాకపోదు. దీనిని నిషేధశాస్త్రమనుట యెట్లు?

మరి ఈ లెక్క ఎందుకు? నా కొక యూహ తోచుచున్నది. గ్రంథములు ఈ మాట చెప్పలేదు, ఊహగానే గ్రహింపుడు. శుభాయము గల ఇంటికి రెండు కొలతలును బేసి. నూలు పట్టినవాడు పొరపాటున ఒక ప్రక్క ఒక మూర హెచ్చుగానో తక్కువగానో పెట్టెననుకొందము. ఆ కొలత సరియగును. సరిచే గుణించిన క్షేత్రఫలము సరియగును. శేషము శ్వానమో, ఖరమో, ధూమమో, కాకమో యగును. 15 చోట 16 పడిన 176, శేషము లేదు, కాకము. 14 పడిన 154, శేషము 2, ధూమము. రెండు మూరలు తప్పి 17 పడినను 187కు శేషము 3. ఆయము శుభమే కాని వృషభము సింహమైనది. ముగ్గు పోసిన వెంటనే మరల కొలిచి శేషము తీసినచో తప్పు బయటపడును. లిఖితపత్రము లేని పనిలో, అక్షరము రాని పనివాండ్ర నడుమ, 'ఈ యింటికి వృషభాయము' అను ఒక్కమాట చాలును. యజమానుడు దానిని మరచిపోడు, మేస్త్రీ దానినుండి జరుగలేడు. పూర్వులు దీనిని ఈ యుద్దేశముతోనే పుట్టించిరని నేను ప్రమాణము చేయను. అయినను పని జరుగుచోట దీనివలన ఈ రక్ష కలిగియుండెననుటలో నాకు సందేహము లేదు. ఫలశ్రుతి యెందుకనిన, పునాదిపై రెండవసారి కొలిచెడి శ్రమకు మనుష్యుని ఒప్పించుటకు వృషభమంత బలమైన కారణము కావలసియుండెను కాబోలు.

దేవాలయముల యెత్తునకును ఇట్టి కట్టుబాటే కలదు. మానసారము విమానముల ఔన్నత్యములను శాంతికము మొదలు అద్భుతము వరకు అయిదుగా విభజించి, వెడల్పుతో సమానమైన యెత్తు మొదలుకొని దానికి రెట్టింపు వరకు క్రమముగా పెంచినది. ఏది యెన్నుకొనవలెనో స్థపతి యిష్టము. ఎన్నుకొన్న పిమ్మట మాత్రము, అడుగునున్న ఉపానము మొదలు కొననున్న స్తూపి వరకు ప్రతి అంతరమును దానికి కట్టుబడవలెను. స్వేచ్ఛ మొదటి కొలతలోనే.

5

ఇప్పుడు దిక్కుల భయమును గూర్చి. వృద్ధులు నన్ను మన్నింతురుగాక.

మనవారు ఈశాన్యమున పొయ్యి యున్నదనిన నిద్రపోరు. వంటిల్లు ఆగ్నేయముననే యుండవలెనందురు. వరాహమిహిరుని బృహత్సంహిత ఆగ్నేయమునే చెప్పినమాట నిజము. కాని కేరళదేశపు పాతయిండ్లలో వంటిల్లు సాధారణముగ ఈశాన్యముననే కనబడును. అది శాస్త్రమెరుగనివారు కట్టినది కాదు, తంత్రసముచ్చయము, మనుష్యాలయచంద్రిక మొదలగు గ్రంథములను కంఠస్థము చేసిన తచ్చన్లు అను వడ్రంగులు కట్టినది. ఒకే విద్యలోని రెండు సంప్రదాయములు రెండు మూలలు చూపుచున్నవి; రెండుచోట్లను అన్నము ఉడికినది. అట్లే దక్షిణద్వారము. ఇంటిచుట్టునుగల 32 పదములను ద్వారములకై విచారించునప్పుడు గ్రంథములు నాలుగు వైపులను మంచిపదములు చెప్పినవి, నాలుగు వైపులను చెడ్డపదములు చెప్పినవి. ఏ వైపు నేగడి యని యడిగిన ప్రశ్నను మనము ఏ వైపని మాత్రమే యడిగి, స్థలములధరలు తగ్గించితిమి, గోడలు పడగొట్టితిమి, మెట్లు తిరగవేసితిమి. సూక్ష్మమైన కొలత పోయి స్థూలమైన దిక్కు మిగిలినందున కలిగిన దుర్గతి యిది.

దీనికి ఎదురుగా మరియొక పిచ్చి బయలుదేరినది. ప్రతి విధికిని అయస్కాంతమనియు, కిరణములనియు విజ్ఞానకారణములు కల్పించుట. ఇది మొదటిదానికంటె నాకు ఎక్కువ బాధ కలిగించును. మొదటిది అజ్ఞానమే, రెండవది విద్య వేషము వేసికొన్న అజ్ఞానము.

దిక్కులలో సారము లేదని నా తాత్పర్యము కాదు. గోదావరిసీమలోని మండువాలోగిలిని చూడుడు. నాలుగువైపుల చావళ్లు, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, నాలుగు కప్పులును లోపలికి వాలి వాననీటిని అచ్చటనే దింపుట. గ్రంథములందలి చతుశ్శాలయు బ్రహ్మస్థానమును అచ్చటనున్నవి. వడ్రంగి గ్రంథము చదివెనా? చదివియుండడు. సముద్రతీరమున శ్రీకాకుళము వైపు పోయిన చుట్టిండ్లు కనబడును. ఈదురుగాలికి మూల చూపని గుండ్రని గోడ, నేలవరకు దిగిన కప్పు. ఆ యింటికి ఈశాన్యమూల యెక్కడ? అచ్చటి జాలరి వాస్తువు తెలియనివాడని నే ననజాలను.

6

గ్రంథములు పనివారిని నలుగురిగా చెప్పినవి: స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. స్థపతి సంకల్పించును, సూత్రగ్రాహి త్రాడు పట్టును, తక్షకుడు చెక్కును, వర్ధకి కూర్చును. మన కాలమున స్థపతి స్థానమును ఇంజనీరు గైకొనెను, తక్షకవర్ధకుల పనిని మేస్త్రీలును యంత్రములును పంచుకొన్నవి. సూత్రగ్రాహి స్థానము ఖాళీగానున్నది. ఆ ఖాళీలోనికే వాస్తుసిద్ధాంతి వచ్చి కూర్చుండెను, చేత త్రాడు లేకుండ.

పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయము, శిల్పి పేర రామప్పగుడి యని లోకమున ప్రసిద్ధమైనది, 2021లో యునెస్కోవారి జాబితాకెక్కగా మనమందరము పొంగితిమి. నీటిపై తేలు ఇటుకలతో శిఖరము, ఇసుక నింపిన పునాది, అద్దమువలె మెరయు నల్లరాతిస్తంభములు. పునాది కుంగినచోట్ల కప్పుదూలములు ఒరిగినను కట్టడము నిలిచియున్నది. దానినుండి మనము నేర్చుకొనవలసినది పొగడ్త కాదు; ఇటుక మట్టిలో ఏ మేళవింపు, ఏ పాళ్లు, ఎంత కాల్పు అను ప్రశ్నలు. వీనిని యడుగువారు ఇంజనీరింగు కళాశాలలలో కొందరు బయలుదేరిరి, సంతోషము. శిల్పుల కుమారులకు ఈ ప్రశ్నలు అందినప్పుడు పని పూర్తియగును. మహాబలిపురమున 1957లో వెలసిన శిల్పకళాశాలయు, తిరుపతి దేవస్థానమువారి శిల్పవిద్యాలయమును ఆలయనిర్మాణము వరకు ఈ బాధ్యతను మోయుచున్నవి. గృహనిర్మాణమునకు అట్టి దిక్కు లేదు.

కావున ఈ స్మారకోపన్యాసమును నడుపు ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపము చేసి కూర్చుండెదను. కోనసీమలోను, తెలంగాణపు పల్లెలలోను మిగిలియున్న మండువాయిండ్లు, భవంతులు ఏటేట కూలుచున్నవి. వానికి ఛాయాచిత్రములు తీయువారు కలరు, కొలతలు తీయువారు అరుదు. కొలుచునప్పుడు మీటరుతో మొదలుపెట్టరాదు. 15 మూరల గది మీటరుకర్రకు 6 మీటర్ల 86 సెంటీమీటర్లుగా కనబడి, ఏ క్రమమును లేని సంఖ్యగా కాగితముపై చచ్చిపడియుండును. ఒక యింటిలో సమముగా మరల మరల వచ్చెడి అంతరమును, వసారాస్తంభముల నడిమిదూరమునో, వాసముల నడిమిదూరమునో, ముందుగా పట్టుకొని, ఆ యింటిని కట్టినవాని మూర యెంతో తేల్చి, పిమ్మట మిగిలినదంతయు ఆ మూరతోనే కొలువవలెను. వడ్రంగిపని చేసినవారు ఊరిలో ఒక్కరున్నను వెంటబెట్టుకొని పోవలెను. ఆ పేర్లు, ఆ కొలతలు ఇంటింటికి ఒక పుటగా వ్రాసియుంచిన, వచ్చే యేటి ఉపన్యాసకునికి నాకంటె మంచి సామగ్రి దొరకును.